నా పొయ్యి కింది పునాదిరాయి

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా పొయ్యి మీద పాలు విరిగిపోనీ, నా చక్కెర డబ్బా ఉప్పైపోనీ. టీ అంగడి హులిగమ్మ ఇంతకంటే పెద్ద ఒట్టు యాడనుంచి తెచ్చేది?

ఎనభై నాలుగులో మా పత్తి పరిశోధన క్యాంపస్ చుట్టూ గోడ కట్టాలన్నారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన, ఆ క్యాంపస్ గేటు కాడ నా అంగడి. గుమాస్తా వెంకోబారావు సున్నం గీత గీసుకుంటా వచ్చి, నా అంగడిని లోపలేసుకుంటా ముందరనుంచి గీసినాడు. "అవ్వా, గోడ ఇట్లే పోతాది. రేపటికి నువ్వు అంగడి పీకాల" అన్నాడు. నేను ఏడుస్తాననుకున్నాడు పాపం. గ్లాసులో టీ పోసి చేతికిచ్చినాను. బల్ల మీద పత్తి బండి తోలే అమానుల్లా, క్యాంపస్‌లో పత్తి తీసే దేవక్క ముందే కూచోనుండారు.

"పీకుతాలే సామీ. పీకేముందు ఈ జాగా ఎవురిదో ఇను. డెబ్బై నాలుగులో ఈడ ఏముండె? తుమ్మచెట్లు, నేను. యూనివర్సిటీ వాళ్ళు ముగ్గురు జాగా వెతుక్కుంటా జీపులో వచ్చిరి. వాన పడి నల్లరేగడిలో జీపు దిగబడె. ఒక చేత్తో టీ కెటిలు పట్టుకొని, ఇంకో చేత్తో జీపును లాగి రోడ్డు మీద పెట్టినా. ఒక్క చుక్క ఒలకలే."

"జీపులో మనుషులో?" అన్నాడు అమానుల్లా.

"లోపలే కూచోని నేను చేసిన ఉగ్గాని తింటాండిరి. అప్పుడు పెద్దసారు ఏమన్నాడో తెలుసా? 'జీపునే పట్టుకున్న నేల విత్తనాన్ని ఇడుస్తుందా? క్యాంపస్ ఈడనే' అని, దిగబడిన చోటే పునాదిరాయి నాటినాడు. నా పొయ్యి ఆనుకొనుండేది ఆ రాయినే!"

వెంకోబారావు టీ ఊదుకుంటా "ఊఁ" అన్నాడు. ఊఁ అన్నోణ్ణి నేను ఇడుస్తానా?

"మూడు గుడారాలేసిరి. ఆ ఏడు విత్తనాలన్నీ ఎలుకలు తినేసె. సార్లు తలకాయలు పట్టుకొని కూచుంటే, నేను నా దిండు చించి దాంట్లో మిగిలిన పత్తిగింజ ఒకటి ఇచ్చినా. పదేండ్లు నా తలకింద ఉన్న గింజ కదా, నా తెలివంతా దానికెక్కె. మొలిచిన మూడోనాడే 'ఈ పొద్దు నీళ్ళొద్దు, నిన్నటి తడి చాలు' అని సార్లకే చెప్పె. అది చెప్పింది చెప్పినట్ల వాళ్ళు రాసుకున్నారు. ఆ బుక్కులు పెట్టేదానికి కట్టిందే లైబ్రరీ."

"మరి హాస్టలు?" అని దేవక్క ఎగేసింది.

"ఆ గింజ ఆకాశమెత్తు చెట్టై, దాని నీడ ఆలూరు దాకా పడి, మా శెనక్కాయలకు ఎండ లేదని ఆలూరోళ్ళు అర్జీ పెట్టిరి. పొద్దున పత్తి తీయను ఎక్కిన పిల్లోళ్ళు మాపటికి సగం కూడా దిగకపోయె. వాళ్ళు పండుకునేదానికి కొమ్మలెత్తున కట్టిందే హాస్టలు మేడ. ఒక్క కాయ పగిలితే ఎమ్మిగనూరు మగ్గాలన్నీ ఆర్నెల్లు దాన్నే నేసె. ఇంగ వేర్లు! జొన్నగిరి దాకా పోయి భూమిలో బంగారం తాకి వచ్చె. పత్తిపువ్వు పసుపుపచ్చగా ఎందుకుంటదనుకున్నావు?"

"మా అమ్మ కాలంలోనూ అట్లే ఉండెనంట కదా" అంది దేవక్క.

"మీ అమ్మకు కామెర్లు."

"ఇప్పుడు యాడుందవ్వా ఆ చెట్టు?" అన్నాడు వెంకోబారావు.

"కొట్టేసి క్యాంపస్‌కంతా తలుపులు చేసిరి. మిగిలిన కట్టె ఇదో, ఈపొద్దుకీ మండతానే ఉంది" అని పొయ్యిలోంచి పత్తికట్టె లాగి చూపించినాను. చిటికెనవేలంత లావు లేదు. "కాలీ కాలీ సన్నబడింది."

కట్టెను మళ్ళీ పొయ్యిలోకి తోస్తా నేనే అన్నాను: "సామీ, ఇన్ని మేడలు లేచె. పరీక్ష పోయిన పిల్లోళ్ళు యాడ కూచోని ఏడ్చిరి? ఈ బల్ల మీదనే. డెబ్బై ఆరులో నువ్వు ఒక్క చొక్కాతో వచ్చిననాడు యాడ తింటివి?"

వెంకోబారావు గ్లాసు అడుగు చూసుకున్నాడు. "అది నిజమే. మిగతాది చూస్తాం. ఆ పునాదిరాయి చూపించు."

నేను అన్నం గుండిగ పక్కకు జరిపినాను. ఆయప్ప ఒంగి, రాయి మీది బూడిద తుడిచినాడు. అక్షరాలు తేలినాయి. పైకే చదివినాడు: "ఆదోని... తొమ్మిది. అవ్వా! ఇది రోడ్డు మైలురాయి!"

దేవక్క కొంగు నోట్లో కుక్కుకున్నింది. అమానుల్లాకు టీ ముక్కులోంచి వచ్చె. నేనూ నవ్వినాను, అందరికంటే ఎక్కువసేపు. నవ్వేది అయినాక అడిగినాను.

"ఆ రాయి ఎవురిది సామీ?"

"రోడ్డోళ్ళది."

"మీ గీతకు లోపలుందా, బయటుందా?"

గీత చూసినాడు. రాయి చూసినాడు. "లోపల."

"రోడ్డోళ్ళ రాయిని మీ గోడలోపల పెట్టుకుంటే వాళ్ళు ఊరుకుంటారా?"

చానాసేపు మీసం దువ్వుకున్నాడు. ఆ చేతికింద నవ్వుతాండాడో లేదో నేను చూడలే. లేచి, సున్నం గీతను చెప్పుకాలితో చెరిపి, అంగడి ఎనకపక్కకు పోయి కొత్తగీత గీసినాడు. తిరిగొచ్చి గ్లాసు చాపినాడు. "ఇంగొక టీ పోయవ్వా."

అమానుల్లా గడ్డం గోక్కున్నాడు. "హులిగమ్మక్కా, ఈ రాయి మొన్నటిదాకా ఆ రోడ్డు మోరీ కాడ ఒరిగి పడుండె కదా?"

"నీకెందుకప్పా అవన్నీ? ఖాళీగా కూచోకుండా ఆ మూలనుండే గడ్డపార ఎత్తుకొని పోయి, కొలిమి నడిపే చోటే సాబ్‌కు ఇచ్చి రాపో. మొన్ననే వాపసు ఇస్తానంటి. ముందు దానికంటిన మట్టి కడుగు."