ఎవరి వేలు

తమ్ముడికి తన కిడ్నీ ఇచ్చిన అక్క చూడ్డానికి వచ్చింది. అతని కుట్టుమిషన్ ఆగింది.

"షుగర్ చూసుకుంటున్నావా?"

"రోజూ. మీటర్‌లో అన్నీ బాగానే ఉన్నాయి, చూడు."

"మరి నీ వేళ్ళ మీద ఒక్క సూదిపోటూ లేదేంరా? మీ ఆవిడ వేళ్ళ నిండా ఉన్నాయి."

అతను వేళ్ళు మడిచి దాచుకున్నాడు.

"దాని రక్తం పెడుతున్నావా! దర్జీవి, సూదికి భయమా?"

"సూదికి కాదక్కా, అంకెకి. నా కిడ్నీలు రెండూ షుగరే తినేసింది. నువ్విచ్చినదాన్నీ తింటుంటే నాకు తెలియకూడదు."

"తెలియకపోతే తినడం మానేస్తుందా? చెయ్యివ్వు."

చుక్క తగలగానే మీటర్ కూత పెట్టింది.

"ఎంతక్కా? నేను చూడలేను."

"ఉండరా, చెబుతా."

తన కళ్ళూ గట్టిగా మూసుకునే ఉన్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది.