అడవిలో చట్నీ

రైల్వేలో రిటైరయ్యాక ఊళ్ళు తిరగడానికని ఆయన ఒక పాత వ్యాను కొని, వ్యాసర్పాడిలోని ఒక మెకానిక్ షెడ్డులో పెట్టి ఇల్లులా మార్చుకున్నాడు. చూద్దామని సంబరంగా వచ్చిన భార్యకు మెట్టు మీద కాలు పెట్టగానే ఎదురుగా ఉన్నదాన్ని చూసి ఒళ్ళు మండిపోయింది.

"ఈ మిక్సీ ఈడెందుకుండాది?"

"నీకే! పైన సోలారు, కింద రెండు లారీ బ్యాటరీలు. కరెంటు లేని అడివిలో గూడా చట్నీ చేసుకోవచ్చు."

"ఎవరు చేసేది?"

"ఎవరంటే... నువ్వే గదా."

"రిటైరైన పొద్దు మీ మెళ్ళో మాలేసినారు. నాకెవరేసినారు?"

"అరవద్దే, పక్క షెడ్డోళ్ళు వింటారు."

"విననీండి! ఊళ్ళు తిరుగుదాం రా అంటే, ఆడ కరెంటుండదు, మిక్సీ తిరగదు, దోవలో ఏ హోటల్లోనో ఇంత తినొచ్చని ఎంత సంబరపడినానో తెలుసా మీకు? మీరేమో ఆ వంటింటిని ఊడబెరికి, చక్రాలు తగిలించి, నా వెనకాలే తోలుకొస్తా ఉండారు!"

"బ్యాటరీ దండిగా ఉండాదనే గదా..."

"దండిగా ఉంటే ఉండనీండి. ముందు ఆ మిక్సీని దింపండి. ఇప్పుడే!"

ఆమె మెట్టు మీద నుంచి కదల్లేదు. ఆయన మిక్సీని కిందికి దింపి, అక్కడ బ్యాటరీ నుంచి వేలాడుతున్న వైరు చేతిలోకి తీసుకున్నాడు.

"దీనికి ఫ్యాను తగిలించేదా?" అన్నాడు మెల్లగా.

"తగిలించండి." ఆమె లోపలికి వచ్చి మంచం మీద చతికిలబడింది. "నా తట్టు తిప్పి."