వెల్లకిలా ఒక రోజు

కంటి ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం. తమ్ముడు వెల్లకిలా ఉన్నాడు. చుక్కలమందు తేవడానికి కిందికి వెళ్ళిన అక్క అప్పుడే తిరిగొచ్చింది.

"లేచావు కదూ?"

"లేవలేదక్కా, ఒట్టు."

"మరి దిండు నేలమీదుందేం?"

"దానికి కాళ్ళొచ్చాయి. నాకే లేవు."

"ఒరేయ్, రేపు పొద్దుటిదాకా ముఖం పైకే ఉండాలని డాక్టరు చెప్పాడా లేదా?"

"చెప్పాడు. వెల్లకిలా పడుకోబెట్టింది పైన వెల్ల చూడ్డానికే అనుకుంటా. ఆ మూల చూడు, ఎలా పెచ్చులూడుతోందో! సగం చూపున్న ఈ రెండో కంటికే ఇన్ని కనిపిస్తున్నాయంటే..."

"కప్పు సంగతి నీకెందుకు? కన్ను సంగతి చూసుకో."

"కన్ను చూసుకోడానికీ కన్నే కావాలిగా. టైమెంత?"

"నాలుగు."

"ఇందాకా నాలుగేగా! ఆ గడియారానికీ ఆపరేషను చేశారా, కదలదు?"

"నవ్వించకు. నువ్వూ నవ్వకు, కదులుతావు."

"అక్కా, ఈ బుడగ... ఎన్నాళ్ళుంటుందన్నాడు?"

"నాలుగైదు రోజుల్లో అదే కరిగిపోతుందట. ఎన్నిసార్లు చెప్పాలిరా? నీ కంట్లో పెట్టిన పొర ఉల్లిపొరకన్నా పల్చన. దాన్ని లోపల్నుంచి పైకి ఒత్తి పట్టుకునేది ఆ గాలిబుడగే. పొర అతుక్కుంటేనే కార్నియా వాపు దిగేది."

"బుడగుంటే అతుక్కోవడమేమిటక్కా, విడ్డూరం! ఇరవై రెండేళ్ళు బీరువాలకీ బల్లలకీ మైకా షీట్లు అతికించాను. నా చేతి కింద ఒక్క బుడగ మిగిలిందా? బుడగ మిగిలితే అది పనేనా?"

"ఇది బీరువా తలుపు కాదు. పొర పెట్టించుకుని పొరపాటు చెయ్యకు."

"అతుకు మీదే బతుకు కదా నాది, అందుకే అడుగుతున్నా. బుడగ... ముందే పోతే?"

"ఎందుకు పోతుంది?"

"పోతేనూ, అంటున్నా."

"పొర జారిపోతుంది. మళ్ళీ ఆపరేషను బల్లెక్కిస్తారు. అప్పటికీ అతక్కపోతే... ఏమిట్రా ఈ ప్రశ్నలు? కిందటిసారీ ఇంతే. కార్నియా మొత్తం మార్చాక ఏడాది చక్కగా కనిపించింది. బాగుంది కదా అని చుక్కలు మానేశావు. మంచు కమ్మినట్టుంటే నెలరోజులు నోరు విప్పలేదు. తీరా చూస్తే అది నీరుపట్టి వాచి కూచుంది."

"అది వేరక్కా."

"ఏం వేరు? ఇదీ పోతే నీ చేతికి మైకా కోసే కత్తి ఎవడిస్తాడు? నీకు పనెవడు చెప్తాడు?"

"ఫ్యాను పెంచవూ?"

"పెంచేదేముంది, గిర్రున తిరుగుతుంటే! ఉండు, చుక్కలు వేస్తా. కంటిమీది డొప్ప తియ్యాలి."

"వద్దు! నర్సమ్మ వేస్తుందిలే."

"మధ్యాహ్నం నేనేగా వేసింది? కదలకు... ఒరేయ్, ఈ టేపు ఎవరు అంటించారు?"

"ఎవరంటే? నువ్వే."

"నేను వంకరటింకరగా అంటించాను. నువ్వు నవ్వావు కూడా. ఇదేమో గీత గీసినట్టుంది. నాలుగు మూలలూ సమంగా, అంచులు నున్నగా..."

"చెయ్యి తిరిగిందన్నమాట నీకు."

"డొప్ప తీశావు."

"అక్కా, టైమెంత?"

"తీశావా లేదా?"

"నడుం పట్టేసిందక్కా. ఒక్క నిమిషం లేచి కూర్చున్నా. కూర్చోగానే కింద అంచున నల్లగా, గుండ్రంగా... తల ఎటు తిప్పితే అటు ఊగుతోంది. బుడగ! అంచుకొచ్చేసిన బుడగ! చూస్తూ చూస్తూ ఎలా ఊరుకోను?"

"ఏం చేశావు?"

"నర్సమ్మని పిలు. డాక్టర్నీ పిలవమను. ఈసారి దాచను."

"ఏం చేశావురా!"

"బొటనవేలితో... ఒక్కసారేనక్కా. మధ్యనుంచి అంచుకి. పద్ధతిగానే నొక్కాను."