పొయ్యి మీద లేని ఘాటు

సాయంత్రం. వంటింటి తలుపూ కిటికీ బార్లా తెరిచి అత్తగారూ, కొడుకూ, కోడలూ దగ్గుతున్నారు. స్నానాలగదిలో అల్లుడు కళ్ళు కడుక్కుంటున్నాడు.

“అంచులు పీలికలైపోయిన తువ్వాలు అల్లుడికిస్తారటే? బీరువా నిండా కొత్తవి ఉన్నాయిగా.”

“నేనివ్వలేదు అత్తయ్యా. మీ అబ్బాయి ఇచ్చారు.”

“చేతికి అదే దొరికిందమ్మా. ఒక్క తువ్వాలుకి ఇంత రాద్ధాంతమా?”

“మర్యాద ఉండదట్రా? బదిలీ మీద వచ్చి ఏడాదిపాటు మన ముందు గదిలో ఉండబోయే మనిషి. అయినా ఏమిటీ ఘాటు? కొంపలో ఎవరూ ఊపిరి పీల్చనక్కర్లేదా?”

“ఎండుమిరపకాయలు మాడాయమ్మా.”

“ఎక్కడ మాడాయి? నేను పొయ్యే వెలిగించలేదు.”

“వెలిగించావు. మర్చిపోయావు.”

“మూకుడు చూడండి. బోర్లించింది బోర్లించినట్టే ఉంది.”

“అబ్బ, నెమ్మదిగా. బావ వింటాడు.”

“విననివ్వండి. కళ్ళెందుకు మండుతున్నాయో ఆయనకి కొత్తగా తెలియాలా?”

“నా దగ్గర ఏం దాస్తున్నార్రా ఇద్దరూ? నువ్వు చెప్పు.”

“ఏం లేదమ్మా. దీని సంచిలో పెప్పర్ స్ప్రే డబ్బా ఉంది. పొరపాటున నొక్కింది.”

“పొరపాటున కాదు అత్తయ్యా. చూసే నొక్కాను. మొహం మీదికి.”

“అల్లుడి మొహం మీదికా? మతి ఉందా నీకు?”

“ఉంది. చిక్కుళ్ళు తరుగుతున్నాను. మంచినీళ్ళు కావాలని వచ్చారు. ఇచ్చాను. తాగి గ్లాసు పెట్టి, వెనక నించుని నడుం మీద చెయ్యి వేశారు. తప్పుకోండి అన్నయ్యగారూ అన్నాను. నవ్వి, ఈసారి రెండు చేతులూ వేశారు.”

“ఇరుకు వంటిల్లు. తగిలి ఉంటుంది.”

“ఇదే వంటింట్లో మీరు తిరుగుతారు, అత్తయ్య తిరుగుతారు. ఎన్నడైనా ఎవరి వేళ్ళైనా నా కుచ్చిళ్ళలోకి తగిలాయా?”

“ఛీ, అమ్మ ముందు ఏం మాటలవి?”

“చేసింది ఆయన, ఛీ నాకా? ఆ తడిచేతి మరక ఇంకా జాకెట్టు మీద ఉంది. చీర మార్చుకొస్తానంటే, ముందు వంట కానీ అన్నారు మీరు. ఒళ్ళంతా జెర్రి పాకినట్టుంది నాకు.”

“అది కాదే. అలాంటి డబ్బాలు రోడ్డు మీద వాడుకోడానికి. ఇంట్లోవాళ్ళ మీద వాడతారా ఎవరైనా?”

“రోడ్డు మీద వాడయితే మెచ్చుకునేవారు కదూ?”

“అమ్మా, నువ్వైనా చెప్పు. గది సర్దాం, రమ్మన్నాం. ఇప్పుడు వద్దంటే అక్క కాపురం ఏం కావాలి? భోజనాల దగ్గర ఒక్క ముక్క అనేస్తే పోతుంది. మిరపకాయలు మాడాయి, ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ అని.”

“నేననను. ఆయన ఆ గదిలో ఉంటే నేనీ ఇంట్లో ఉండను.”

“చూశావా అమ్మా, ఎంత మాటందో.”

“విన్నాన్లే. నువ్వెళ్ళి కంచాలు పెట్టు.”

“అది కాదమ్మా, నేను చెప్పేది...”

“కంచాలు పెట్టమన్నానా? హమ్మయ్య, వెళ్ళాడు. ఇప్పుడు చెప్పు. ఆ డబ్బా ఎక్కడ కొన్నావు?”

“కొనలేదు.”

“మరి?”

“వదిలెయ్యండి అత్తయ్యా.”

“వదలను. ఎవరిచ్చారు?”

“వదిన.”

“ఏ వదిన?”

“నాకెంతమంది వదినలు? మీ అమ్మాయే. అన్నయ్యగారికి ఈ ఊరు బదిలీ అయిందని చెప్పడానికి వచ్చింది చూడండి, ఆ రోజు. వెళ్తూ వెళ్తూ నా చేతిలో పెట్టింది.”

“బయట తిరిగేదానివని ఇచ్చి ఉంటుంది.”

“నేనూ అదే అనుకున్నాను. చీకటి పడకుండా వచ్చేస్తాను, నాకెందుకు వదినా అన్నాను. ఇంట్లో కూడా చేతికందేలా పెట్టుకో అంది.”

“ఇంట్లో అందా?”

“అంది.”

“ఇంకేమంది?”

“ఏమీ అనలేదు. నా మొహం కూడా చూడలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.”

“వాళ్ళింట్లో పనిమనిషి నెల తిరక్కుండా మానేస్తుంటే, మనుషుల్ని నిలబెట్టుకోవడం చేతకాదే నీకు అని దాన్నే తిట్టాను. నవ్వి ఊరుకునేది, పిచ్చిది. థూ. వీడికా నేనిన్నాళ్ళూ పెద్దపీట వేసింది.”

“ఏడవకండి అత్తయ్యా.”

“ఏడుపు కాదు, ఘాటు. ఫోనిలా ఇవ్వు. వంట సంగతి నేను చూస్తాను, నువ్వెళ్ళి ముందు ఆ చీర మార్చుకో.”

భోజనాల బల్ల దగ్గర నలుగురూ.

“బావా, మంట తగ్గిందా?”

“పర్లేదు. వంటిల్లన్నాక ఘాటు మామూలే. మీ ఆవిడకి కాస్త కంగారెక్కువ.”

“చెప్పవే. బావకేదో చెప్తానన్నావుగా.”

“నేనేమీ చెప్తాననలేదు.”

“దాన్నొదిలెయ్యరా. చెప్పాల్సింది నేను. అల్లుడుగారూ, ముందు గది గురించి.”

“దానికేం తొందర అత్తయ్యగారూ? రేపు సామాను తెచ్చుకుంటాను.”

“మీరు తెచ్చుకోనక్కర్లేదు. మా అమ్మాయి తెచ్చుకుంటోంది. పిల్లలతో పొద్దున్న బస్సుకి బయల్దేరుతోంది. ఇక ఆ గది దానిది.”

“ఏమంటున్నావమ్మా? అక్క కాపురం...”

“దాన్నడిగే అంటున్నాను. ఎప్పుడో పెట్టె సర్దుకుందట, రమ్మనేవాళ్ళు లేక ఆగిందట. మీరు తినండి అల్లుడుగారూ, వడ్డించిన అన్నం ముందునించి లేవమనను. తిన్నాక మాత్రం ఆ చెయ్యి మా ఇంట్లో కడక్కండి. వీధిలో కుళాయి ఉంది.”