పన్నెండో మంచం కమ్మీ

ఆసుపత్రి మూడో అంతస్తు చివర, చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే ఇరుకు గది, ఉదయం ఎనిమిదిన్నర. బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నది వార్డు తుడిచే మెరుపక్క. ఆ పేరు ఆవిడకు ఊరికే రాలేదు. ఎదురుగా ఒళ్ళో పెట్టె పెట్టుకుని, ఏడుపొక్కటే తక్కువగా ఉన్నది ప్రయోగశాల అమ్మాయి. గాజు డబ్బీలు మోసుకుని తిరుగుతుంది కాబట్టి వార్డంతా ఆమెను డబ్బీ పాప అంటారు.

"అలా కాదక్కా, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"ముందు టీ తాగు పాపా. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

"ఇదేంటి, నల్లగా ఉంది? పాలేవి?"

"అయిపోయాయి. నాలుగు రోజులైంది అయిపోయి. తాగు, వేడిగా ఉంది."

"పది గంటలకు సూపరింటెండెంటు గారి ముందు నిలబడాలి. మా సారు కూడా వస్తారు. మంచం కమ్మీలకు వేసిన పూత పని చేయలేదని తేలితే ఇవాళే గీకించేస్తారట. రెండేళ్ళ పని అక్కా. రెండేళ్ళు."

"గీకిస్తే గీకించనీ. ఇంకోటి పూద్దువుగానీ."

"గోడకు సున్నం అనుకున్నావా?"

"నాకేం తెలుసమ్మా. ఎర్రగా ఉంటే రంగనుకున్నా."

"ఎన్నిసార్లు చెప్పాను? అది రాగి. రాగి రేణువులు. ఒక్కోటి వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత సన్నగా అయ్యేసరికి వాటికి ఎక్కడ లేని చురుకూ వస్తుంది. క్రిమి వచ్చి కమ్మీ మీద కూర్చుందా, ఒంటికి చిల్లులు పడి చస్తుంది."

"చచ్చిందిగా మరి? ఇంకేంటి నీ బాధ?"

"చచ్చింది. గోడ వైపు వరసలో, ఒకటి నుంచి పన్నెండు దాకా, పూత పూసిన మంచం కమ్మీల మీద దాదాపు ఏమీ లేవు. ఒక్క డబ్బీ మాత్రం తేడాగా వచ్చింది, పాడైపోయిందనుకుని పక్కన పెట్టేశా."

"పక్కన ఎందుకు పెట్టావు? అదీ లెక్కేగా?"

"దాని సంగతి తర్వాత. అసలు గొడవ కిటికీ వైపు వరసతో. అవి పూత లేని బోడి కమ్మీలు. వాటి మీదా ఏమీ లేవు. ఇదిగో, ఇది ఐదో మంచానిది. చుక్కలు లెక్కపెట్టు."

"ఆరు."

"కమ్మీకి రాసిన దూదిపుల్లను ఇందులో అద్దుతాం, ఒక్కో చుక్కా ఒక్కో క్రిమి పెట్టిన కాపురం. ఇప్పుడిది చూడు. పదిహేడో మంచం, బోడిది."

"ఏడు. కాదు కాదు, ఆరు."

"చూశావా? పూసినా ఆరే, పూయకపోయినా ఆరే. మరి పూత ఎందుకు తల్లీ అంటారు. ఏమని చెప్పను?"

"అయితే సమానమన్నమాట. ఓడిపోలేదు."

"ఎవరు?"

"ఎవరూ కాదులే. తాగు, చల్లారిపోతుంది."

"మొదటి రోజు ఈ బోడి కమ్మీల మీదే రెండేసి వందలొచ్చాయి. ఇప్పుడు ఆరు. ఎలా తగ్గాయి? వార్డులో ఏం మారింది?"

"నన్నడిగితే? వారానికోసారి వచ్చి దూదిపుల్ల రాసుకుపోయేది నువ్వు. నీకు కమ్మీ తప్ప మంచం మీద మనిషి కనపడితేగా. నాలుగో మంచం తాత నమస్కారం పెడితే, కమ్మీకి చెయ్యి తగులుతోంది తీయండి అన్నావట. వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వుతున్నాడు."

"మాట మార్చకక్కా."

"మార్చలేదు."

"నీ భుజానికి ఆ పట్టీ ఏంటి?"

"పట్టేసింది."

"ఎందుకు పట్టేసింది?"

"వయసొస్తే పట్టేయదా?"

"అన్ని కమ్మీలూ ఒకేలా, రోజుకు రెండుసార్లు తుడవాలని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"తుడిచావా?"

"తుడిచాను."

"అన్నీనా?"

"దాదాపు."

"దాదాపంటే?"

"కిటికీ వైపువి తుడిచాను."

"గోడ వైపువి?"

"వాటికి నీ రాగి ఉందిగా. ఇటువైపు వాటికి ఎవరున్నారు, నేను తప్ప?"

"అక్కా, మూడు వారాలుగా గోడ వైపు వరస ముట్టుకోనే లేదా?"

"వేలు పెట్టానా, ఒట్టు."

"ఇటువైపువి ఎన్నిసార్లు తుడిచావు?"

"ఆరు."

"వారానికా?"

"రోజుకు. ఒక్కో రోజు ఏడు కూడా."

"కొంప ముంచావు కదా. అన్నీ ఒకేలా తుడిస్తేనే కదా తేడా తెలిసేది. నేను వెళ్ళి వాళ్ళకి ఏం... ఉండు."

"ఏమైంది?"

"ఉండు, మాట్లాడకు. ఇరవై ఒక్క రోజులు గుడ్డ తగలని కమ్మీ. రోగులూ, చూడ్డానికొచ్చినవాళ్ళూ, నర్సులూ అందరూ పట్టుకున్నదే. దాని మీద ఆరు. నువ్వు రోజుకు ఆరుసార్లు తోమిన దాని మీదా ఆరే."

"అయితే?"

"అయితే ఏంటి అక్కా, నా రాగీ నీ చెయ్యీ సమానం. ఈ ఆసుపత్రిలో నీ చేతికి మించిన చెయ్యి ఉందా? పూత పనిచేసింది. నేననుకున్న దానికంటే బాగా పనిచేసింది. ఆ కాయితం ఇటివ్వు. మూడు వారాల పాటు ఏమాత్రం తుడవకపోయినా..."

"అది రాయకు."

"ఎందుకు?"

"రాయకు, అంతే. ఇంకేదైనా రాసుకో."

"జరిగింది ఇదేగా?"

"జరిగినవన్నీ రాస్తామా పాపా?"

"ఇటు చూసి చెప్పు. ఏంటి సంగతి?"

"నువ్వు పూత పూసిన రోజు సూపరింటెండెంటు గారు మీ సారుతో వరండాలో మాట్లాడుతున్నారు. నేను వాళ్ళ కాళ్ళ దగ్గరే నేల తుడుస్తున్నా. తుడిచే మనిషికి చెవులుంటాయని ఎవరికి గుర్తుంటుంది? ఇది గనక పనిచేస్తే తుడిచేవాళ్ళు ఆరుగురెందుకు, ముగ్గురు చాలు అన్నారు. మీ సారు నవ్వి ఊరుకున్నారు. ఆ ఆరుగురిలో పెద్దదాన్ని నేను. ముందు ఎవర్ని పంపిస్తారో నువ్వే చెప్పు."

"అందుకని..."

"అందుకని నీ రాగితో పందెం వేసుకున్నా. అది ఎన్ని చంపితే నేనూ అన్ని చంపాలి. బోడివి కూడా అంతే శుభ్రంగా ఉంటే, ఇక పూత అక్కర్లేదంటారు కదా అని. నాకు భుజం పోయింది. అది మాత్రం ఒక్క పూట కూడా అలసిపోలేదు. భయమేసింది పాపా."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే నీ రెండేళ్ళు ఏం కావాలి? పోనీ, ఇప్పుడు మాత్రం ఏం మిగిలింది. రాసుకో. నీ చదువు నీది. ఇంకో టీ పెట్టనా?"

"ఆగు, ఆగు. పక్కన పెట్టిన డబ్బీ ఇదే. పన్నెండో మంచం, పూత ఉన్న వరస. అబ్బ, లెక్కపెట్టడానికే లేదు, అట్ట కట్టేసింది."

"దాన్ని వదిలెయ్."

"అదేంటి, అదీ లెక్కేగా అన్నావు ఇందాక?"

"ఇందాక అన్నాను. ఇప్పుడు వదిలెయ్ అంటున్నా."

"దూదిపుల్ల రాసేటప్పుడు ఆ కమ్మీ మీద ఏదో తెల్లగా ఎండిపోయి ఉంది. ఇదిగో, రాసుకున్నా కూడా. పాలక్కా. ఎవరో పాలు ఒలకబోశారు. అలాగే ఎండిపోయాయి, ఎవరూ తుడవలేదు."

"తుడవలేదు."

"అదీ సంగతి. క్రిమి వచ్చి తాకితేనే రాగి చంపగలిగేది. మధ్యలో పాల పొర అడ్డం పడింది. రాగి కిందుండిపోయింది, క్రిములు పైన కూర్చుని హాయిగా విందు చేసుకున్నాయి. మురికి తీసే చెయ్యి లేకపోతే నా రాగి కూడా నువ్వన్నట్టు ఉత్త రంగే. అర్థమైందా?"

"నువ్వే చెప్పు."

"నువ్వు ఏ వరస తుడిచావో, ఏది తుడవలేదో ఉన్నదున్నట్టు రాస్తా. కింద ఇలా రాస్తా, విను. పూత బాగా పనిచేస్తుంది, కానీ రోజూ తుడిచే మనిషి ఉన్న చోటే. మనుషుల్ని తగ్గిస్తే పూసిందంతా దండగ. సాక్ష్యం పన్నెండో మంచం. నా రెండేళ్ళూ దక్కాయి, నీ ఉద్యోగమూ దక్కింది. ఏంటక్కా, అలా చూస్తావు? నవ్వు."

"నవ్వుతున్నాలే."

"ఆ పాలు ఒలకబోసిన పుణ్యాత్ముడెవరో గానీ, సాయంత్రం నాలుగు పళ్ళు కొనిచ్చి దండం పెట్టి వస్తా. పన్నెండో మంచంలో ఉన్నది ఎవరు?"

"కాసేపు కూర్చో పాపా."

"టైము లేదక్కా. ఎవరో చెప్పు, వెళ్ళాలి."

"పన్నెండో మంచం మూడు వారాలుగా ఖాళీ. ఆ కమ్మీ మీద నేనే పోశా, నా టీకి తెచ్చుకున్న పాలు."