మూడో కీబోర్డు

1999. మాదాపూర్‌లో చాయ్ హోటల్. ఓంకార్ బల్ల దగ్గరికి, అతను మొన్నటిదాకా పనిచేసిన నెట్ సెంటర్ యజమాని బుల్లిబాబు వచ్చి కూర్చున్నాడు. వెంట ఇంకొకాయన ఉన్నాడు.

"మూడో కీబోర్డు కూడా మార్చానయ్యా ఓంకారూ. అదే తంతు. పేరు కొడితే పడుతోంది. పాస్‌వర్డ్ దగ్గరికొచ్చేసరికి ఒక్క అక్షరం పడితే ఒట్టు."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి కూడా. చుక్క లేదు, గీత లేదు."

"అరెరె."

"నవ్వకు. కరెంటు పోయొచ్చింది. ఆ మిషన్‌లోకి వెళ్తే గాని మిగతావాటికి నెట్ రాదు. నువ్వు చెప్పిన పాస్‌వర్డే కొడుతున్నాను. కనపడందే ఎంటర్ ఎలా కొట్టనూ?"

"నిజమే. ఎట్ల కొడ్తరు? ఈయనెవరు?"

"రామచంద్రం గారని, తెలిసినవారు. కంప్యూటర్లంటే సరదా."

"నువ్వే ఆ మిషన్‌ల లినక్స్ పెట్టినవంట గదా బాబూ. విండోస్ ఎందుకు పెట్టలే?"

"విండోస్‌ది ఏమున్నది సార్. పొద్దున మంచిగనే లేస్తది. పగటికి నీలం తెర కప్పుకొని పంటది. మళ్ల లేపాలె. లినక్స్ గట్ల పండది."

"మౌస్ లేకుంటె కష్టం గదా?"

"మౌస్ ఆటకు సార్. పనికి కీబోర్డే."

"ఆటంటే గుర్తొచ్చింది సార్. రోజూ సెంటర్ మూసే వేళకి మనవాడు మిషన్ల మీద తుపాకులాట..."

"ఆడిన. ఆడితేనే తెలిసింది, మీ నాలుగో మిషన్ వైరు లూజున్నదని. ఆటల జర ఆగితే సచ్చిపోతం. మెయిల్ చూసుకునేటోనికి ఏం తెలుస్తది?"

"సెల్‌ఫోన్ కొన్నవా బాబూ?"

"ఎదుటోడు ఫోన్ చేసి వాగితే నేను పైసలు కట్టుడేంది సార్? పేజర్ ఇంక అన్యాలం. అది కుయ్యిమంటే మనం ఎస్టీడీ బూత్ ఎతుక్కుంట ఉరకాలె."

"కబుర్లు తర్వాతయ్యా. వచ్చి ఆ మిషన్ సంగతి చూడు. జనం వెనక్కి పోతున్నారు."

"నా బ్యాగ్ యాదికున్నదా బుల్లిబాబు గారూ?"

"అదిప్పుడెందుకు?"

"మిషన్‌ల ర్యామ్ ముక్క పోయిందని అందరి ముందట కుమ్మరించిన్రు. టిఫిన్ డబ్బా మూత గూడ తీసి చూసిన్రు. పప్పన్నంల ర్యామ్ దాస్తడా ఎవడన్న?"

"కంగారులో చేశాను."

"దొరికిందా?"

"ఆ... దొరికిందిలే."

"యాడ?"

"ఏడో మిషన్‌లోనే. జారి అడుగున పడింది."

"మరి చెప్పిన్రా అందరికి?"

"ఎలా చెబుతానయ్యా? నా మర్యాదేం గాను?"

"నా మర్యాద?"

"అంటే బాబూ, మిషన్‌కు తాళం ఏసింది నువ్వేనా?"

"ఏసిన సార్."

"నువ్వే?"

"నేనే. బయట కూసున్నా ఆ మిషన్ నా మాటే ఇంటది."

"తియ్యవా?"

"తియ్య. సెంటర్‌ల జనం ఉన్నప్పుడు ఆయన బ్యాగ్ ఆయనే కుమ్మరించుకొని, ఓంకార్ దొంగ కాదు అని అనమనుండ్రి. అప్పుడు చూస్త. అప్పుడు గూడ తియ్యనేమో."

"నా పొట్ట కొడతావట్రా?"

"మూసుకోండ్రి సెంటర్. షట్టర్‌కు పాస్‌వర్డ్ అక్కర్లే."

"రేపు ఇంకోచోట చేరవా? అక్కడా ఇలాగే..."

"దొరికింది. గా కొత్త టవర్ బిల్డింగ్‌ల ఉన్న కంపెనీ. సోమవారం చేరాలె. వాళ్ల లినక్స్ మిషన్లన్నీ నా చేతికిస్తున్రు. మీ సెంటర్ ఎవనికి గావాలె?"

"విన్నారా సార్? వీడి బుద్ధి ఇలాంటిదని నేను చెబితే నమ్మలేదు. వాడి నోటే వింటానన్నారు."

"ఏంది? ఈ సార్ ఎవరు?"

"నీకు ఉద్యోగం కాయితం పంపింది వారి ఆఫీసే. నువ్వెలాంటివాడివో కనుక్కుందామని నా దగ్గరికొచ్చారు."

"సార్... సార్, ఒక్క నిమిషం. నేనేం తాళం ఎయ్యలే. అమ్మతోడు. అసలది తాళమే గాదు. లినక్స్‌ల పాస్‌వర్డ్ కొడ్తే తెర మీద కనపడది. పక్కన నిలబడ్డోనికి ఎన్ని అక్షరాలో గూడ తెల్వొద్దని గట్ల పెట్టిన్రు. కనపడకున్నా కొట్టి ఎంటర్ నొక్కితే అయిపోతది. ఈయన కీబోర్డు పాడైందనుకున్నడు, నేను జర ఏడిపిద్దామని..."

"కనపడకుండానే కొట్టాలా? మూడు కీబోర్డులు కొనిపించావు గదటయ్యా!"

"నేనా కొనమన్న? సార్, నమ్ముండ్రి. ఇప్పుడే పోదాం, మీ కండ్ల ముందటనే తెరుస్త."

"నమ్ముతున్న. సోమవారం రాకు బాబూ. అక్షరాలు కనపడవని నాకు ముందే తెలుసు. నువ్వు చెప్తవేమో అని ఇంతసేపు కూసున్న."