కుటుంబ పెద్ద అనుమతి

మళ్లీ అదే మాట! అకౌంట్ ఆయన పేరు మీద ఉందట! చేతిలో ఉన్న ఫోన్ నాది, నేను కుట్టిన గౌన్ల ఫొటోలు నావి. మధ్యలో ఆయన పేరేమిటి తమ్ముడూ?

ఆయన... ఛ, ఇంకా ఆయనేమిటి! వాడు.

సిమ్ మార్చానంటే నవ్వుతావేం? నీకంటే ఈ ఫోన్ల సెంటర్లో ఇదే ఉద్యోగం. నాకేం తెలుసు, సిమ్ మారిస్తే అంతా మారినట్టే అనుకున్నాను. ఇల్లు వదిలాను, ఊరు వదిలాను. వాడు కొనిచ్చిన ఈ ఫోన్ ఒక్కటీ వదల్లేకపోయాను. అదే నా కొంప ముంచింది.

ఇక్కడ టైలరు షాపులో కుడతాను. పని పూర్తయ్యాక గౌను కిటికీకి తగిలించి ఫొటో తీస్తాను. అక్కడ వెలుతురు బాగుంటుంది. ఆ ఫొటోలన్నీ తీసినవి తీసినట్టే వాడి ఫోన్లోకి కూడా వెళ్తున్నాయని ఒక్కరైనా చెప్పారా? ఆ గోడమీద మాత్రం ఎంత బాగా రాసుకున్నారో! 'మీ జ్ఞాపకాలు మా దగ్గర భద్రం.' ఎవరి నుంచి భద్రమో రాయలేదే!

ఎలా తెలిసిందా? ఇదిగో, ఈ పసుపు గౌను చూడు. పొద్దున లేచేసరికి దీని కింద ఎర్రటి గుండె బొమ్మ. నేను పెట్టలేదు. మరి ఈ ఫొటోలు చూడగలిగేది ఇంకెవరు?

నేను కుట్టింది ఏనాడూ నచ్చని మనిషికి ఇవాళ గౌను నచ్చిందా? గౌను కాదయ్యా, వెనక చూడు. కిటికీలోంచి ఎదురుగా మందుల షాపు. బోర్డు, దాని మీద వీధి పేరు, ఊరి పేరు. ఎంచక్కా చదువుకోవచ్చు. చూశానని నాకు తెలియాలనే పెట్టాడు ఆ గుండె.

పోలీసులా? మొగుడు గుండె బొమ్మ పెట్టాడని కేసు పెట్టనా? పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఈ మోచేతి మీద మచ్చ చూశావా? వాడు ఇస్త్రీపెట్టెతో కాల్చాడు. నేను రోజూ గౌన్లు ఇస్త్రీ చేసిన దానితోనే.

ఇందాకే మా ఓనరమ్మ ఫోన్ చేసింది. ఎవడో మందుల షాపు మెట్ల మీద కూర్చుని నా గురించి అడుగుతున్నాడట. ఇటు రాకమ్మా అంది. అందుకే పరిగెత్తుకుంటూ నీ దగ్గరికొచ్చాను. నన్ను వాడి ఫ్యామిలీ అకౌంట్‌లోంచి తీసెయ్, నీకు పుణ్యముంటుంది.

ఏమిటి రాసుంది అక్కడ? 'కుటుంబ పెద్ద అనుమతి కావాలి.' అబ్బో! పారిపోయి వచ్చినా పెద్ద పెద్దేనన్నమాట! ఇది రాసిన చోట ఒక్క ఆడదైనా లేదా?

ఆగాగు. ఏం నొక్కావు?

సాయం చేద్దామనే నొక్కావు, సరే. కోడ్ వెళ్లిందా? ఎవరికి?

వాడికా!

ఎక్కణ్ణించి అడిగారో కూడా ఆ మెసేజ్‌లో ఉంటుందా? ఈ సెంటరు పేరు, వీధి పేరు? తల దించుకోకు తమ్ముడూ, చెప్పు.

అయితే ఈపాటికి ఆ మెట్ల మీంచి లేచే ఉంటాడు.

వద్దు, ఆ ఫోన్ నాకివ్వకు. నువ్వే ఉంచుకో. మీ దగ్గర భద్రం కదా.

నాకు వెనక తలుపు ఎటో చెప్పు.